మచ్చ పడని దెబ్బ

“ఇవాళ్టితో ఆఖరు. ఈ ఇంట్లో ఇంక గ్లవ్స్ కనపడ్డానికి వీల్లేదు!”

రామకోటేశ్వరరావు కోడలి బ్యాగు తీసుకెళ్ళి గేటు బయట పడేశాడు. జిప్పు ఊడి, ఒక గ్లవ్ దొర్లుకుంటూ రోడ్డు మధ్యదాకా వెళ్ళింది. ఎదురింటావిడ ముగ్గు వేస్తున్నదల్లా చెయ్యాపి తలెత్తి చూసింది.

ఉషశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎడమ కంటి కింద, బుగ్గ ఎముక మీద వాపు. నిన్న సాయంత్రం ఎర్రగా ఉన్నది తెల్లారేసరికి నల్లబడి, కంటిని సగం మూసేసింది. ఆ పిల్ల ఏడవటం లేదు. బ్యాగు వంక కూడా చూడటం లేదు.

జయంత్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏంటి నాన్నా పొద్దున్నే ఈ గొడవ? స్పారింగ్‌లో తగిలిందని చెప్పాంగా. ఇద్దరెదురుబొదురు నిలబడి ప్రాక్టీసు చేసేటప్పుడు తగలకుండా ఎట్లా ఉంటాయి?”

“తగిలితే తగిలింది. కాపరానికొచ్చిన పిల్ల ఆ మొహంతో వీధిలోకెళ్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? నేను కొట్టాననుకుంటారు, లేదంటే మీ అమ్మ కొట్టిందనుకుంటారు.”

“అనుకోనీండి. రాష్ట్ర జట్టులోకొస్తే వాళ్ళే దండలు పట్టుకొస్తారు.”

“ఆ జట్టూ వద్దు, ఆ దండలూ వద్దు!”

శివపార్వతికి ఇంక వినబుద్ధి కాలేదు. చెప్పులైనా వేసుకోకుండా గేటు దాటి, గ్లవ్ తీసి, దుమ్ము దులిపి, బ్యాగులో పెట్టుకుని లోపలికొచ్చింది. ఈ సంబంధం తెచ్చింది తనే. మంగళగిరిలో చుట్టాల పెళ్ళిలో ఈ పిల్లని చూసి, బాక్సింగ్ ఆడుతుందని విని, మనవాడూ అదే కదా అని ముచ్చటపడి తనే వెళ్ళి అడిగింది. “పెళ్ళయ్యాక కూడా ఆడిస్తానండీ, నేనే దగ్గరుండి నేర్పిస్తాను” అని జయంత్ అన్నప్పుడు ఆ పిల్ల తండ్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ మాట ఆ ఇంట్లో ఎంత బరువు తూగిందో శివపార్వతికి గుర్తే.

“దెబ్బలు తగుల్తున్నాయని ఆట మానిపిస్తారా ఎవరైనా?” అంది భర్తతో. “తగలకుండా వేసుకునే సామానుంటుందిగా. అది మంచిది కొంటే సరిపోతుంది. ఇవాళే వెళ్ళి కొనుక్కొస్తాం.”

రామకోటేశ్వరరావు ఆమె వంక ఒక్కక్షణం చూశాడు. పేపరు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

జయంత్ నవ్వాడు. “కొనిపెట్టమ్మా. మన కోచింగ్ సెంటర్లోవి పాతబడ్డాయి కూడా.”

ఉషశ్రీ మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

* * *

ఇబ్రహీంపట్నంలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఉషశ్రీ కిటికీ వైపే తిరిగి కూచుంది. థర్మల్ స్టేషన్ గొట్టాలు వెనకబడ్డాయి, గొల్లపూడి దాటింది, భవానీపురం వచ్చింది. అత్తగారు రెండుసార్లు మాట కలపబోతే “ఊఁ” అంది. బస్సు దిగేముందు చున్నీ తలమీదుగా కప్పుకుని, బుగ్గ కనపడకుండా సర్దుకుంది.

గవర్నర్‌పేటలో ఆటసామాన్ల షాపు. క్రికెట్ బ్యాట్ల వెనక గోడకి హెడ్‌గార్డులు వరసగా వేలాడుతున్నాయి. లోపల తలలు లేని ఆ టోపీల్ని శివపార్వతి ఒక్కొక్కటే చూసింది.

“దెబ్బ తగలనిది ఇవ్వు బాబూ,” అంది.

షాపతను నవ్వి మూడు రకాలు దించాడు. “ఇది పోటీల్లో వేసుకునేదమ్మా. బుగ్గలు తెరిచుంటాయి, చూపు బాగా ఆనుద్ది. ఇదేమో ముక్కుకి అడ్డంగా కమ్మీ ఉన్నది, బరువెక్కువ, మెడ లాగుద్ది. ప్రాక్టీసుకైతే ఇది తీసుకోండి. బుగ్గల మీద మందంగా మెత్త ఉంటది చూడండి, గడ్డందాకా వచ్చుద్ది.”

ఉషశ్రీ జడని కిందికి ముడేసుకుని అది తొడుక్కుంది. షాపతను వెనక పట్టీ బిగించాడు. “తల గట్టిగా అటూ ఇటూ ఊపండి మేడం. మీ తలతో పాటు అదీ తిరగాలి. అది వెనకబడి కళ్ళ మీదికొచ్చిందంటే మీ సైజు కాదన్నట్టే.”

ఊపింది. కదల్లేదు. మెత్త సరిగ్గా వాపు మీదికొచ్చి కూచుంది. నలుపు మొత్తం దాని కింద మాయమైపోయింది.

శివపార్వతికి ప్రాణం లేచొచ్చింది. “చూశావా, ఎంత బాగా కప్పిందో! ఇది ముందే కొనుంటే నీకీ బాధ తప్పేది. మీ సెంటర్లో ఇట్లాంటిది లేదా?”

“ఉందత్తయ్యా. అచ్చం ఇదే.”

“మరి మొన్న వేసుకోలేదా?”

“వేసుకున్నాను.”

“వేసుకుంటే ఇక్కడెట్లా తగిలిందే?”

షాపు గోడకున్న అద్దంలో ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఉషశ్రీ ముందుగా కళ్ళు దించుకుంది. షాపతను గ్లవ్స్ డబ్బాలు వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

శివపార్వతి మళ్ళీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయమేసింది.

గ్లవ్స్ వచ్చాయి. ప్రాక్టీసుకి వేలాడదీసిన బస్తా మీద గుద్దుకునేవి పల్చగా, చిన్నగా ఉన్నాయి. స్పారింగ్‌కి మాత్రం లావుపాటి పదహారు ఔన్సులవే వాడాలన్నాడు షాపతను. “అందులో మెత్త గుద్దేవాళ్ళ కోసం కాదమ్మా, తినేవాళ్ళ కోసం. ఎదుటివాళ్ళవి కూడా ఇవే ఉండేట్టు చూసుకోవాలి.” పళ్ళకి పెట్టుకునేదాన్ని వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక కొరికి పట్టుకుంటే పళ్ళ అచ్చు దిగుతుందని చెప్పాడు.

“ఇవన్నీ వేసుకుంటే ఇంక భయం లేదుగా?” అంది శివపార్వతి. అతని నోటితో అవునని చెప్పించుకోవాలని ఉంది ఆమెకి.

అతను గ్లవ్స్ డబ్బా మూసి పక్కన పెట్టాడు. “అబద్ధం చెప్పకూడదమ్మా. హెడ్‌గార్డు వాపునాపుద్ది, చర్మం చిట్లకుండా ఆపుద్ది. లోపల మెదడు అదిరేదాన్ని మాత్రం ఏదీ ఆపలేదు. గట్టిగా తగిలి కళ్ళు తిరిగాయంటే వెంటనే దిగిపోవాలి, డాక్టరు సరే అనేదాకా మళ్ళీ ఎక్కకూడదు. మచ్చ లేదు కదా అని చాలామంది ఆడేస్తారు. అదే ప్రమాదం.”

ఆడపిల్లలు రొమ్ముకి వేసుకునే గార్డు కూడా తీసుకున్నారు. సైజు చూసుకోడానికి ఉషశ్రీ చేతులు పైకెత్తింది. కుర్తా చెయ్యి భుజందాకా జారింది.

మోచేతికి పైన, లోపలివైపు, నాలుగు మచ్చలు. పక్కపక్కనే, ఒకే వరసలో. చేతికి అవతలి పక్క ఇంకొకటి, కొంచెం పెద్దది.

శివపార్వతి ఆ మచ్చల వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కౌంటరు మీదున్న గ్లవ్ వంక చూసింది. వేళ్ళన్నీ కలిసిపోయిన గుండ్రటి ముద్ద అది. దానికి పట్టుకోడం రాదు. గుద్దడం ఒకటే వచ్చు.

ఉషశ్రీ చప్పున చెయ్యి దించేసుకుంది.

* * *

బస్టాండులో బెంచీ మీద, కొన్న సంచి ఇద్దరి మధ్యా పెట్టుకుని కూచున్నారు. తెచ్చుకున్న చెరుకురసం గ్లాసుల్లోనే ఉండిపోయింది.

“ఎప్పట్నుంచి?” అంది శివపార్వతి.

ఉషశ్రీ సంచి ముడి సర్దింది.

“అమ్మాయ్, నిన్నే.”

“హెలెన్ మేడం పిలిచారత్తయ్యా. స్టేడియంలో ఆడపిల్లలకి కోచింగిస్తారే, ఆవిడ. నా ఆట చూసి, నా దగ్గరికి వచ్చెయ్, ఇంకా బాగా తయారవుతావన్నారు. ఆ మాట ఆయనకి చెప్పాను.” ఆగింది. “చెప్పకుండా వెళ్ళుంటే తప్పుగానీ, చెప్పడం తప్పవుతుందనుకోలేదు.”

“అప్పుడేనా మొదలు?”

“అంతకుముందు చిన్నచిన్నవి. చెయ్యి మెలిపెట్టడం, నెట్టడం. ‘నువ్వు కాళ్ళు సరిగా కదపవు, నాకు కోపం రాదా’ అనేవారు. కోచ్‌లు తిడతారు కదా అని ఊరుకున్నాను. అది కోచ్ కోపమో, మొగుడి కోపమో నాకే తెలిసేది కాదు.” కప్పుకున్న చున్నీని ముందుకి లాక్కుంది. “మొన్నది మాత్రం బెడ్‌రూంలో.”

శివపార్వతి చెరుకురసం గ్లాసు పక్కన పెట్టేసింది. తన కొడుకు. ఊళ్ళో ఎవరింట్లో కుక్కపిల్ల కాలు విరిగినా ఎత్తుకొచ్చి కట్టు కట్టిన పిల్లాడు. రాష్ట్రస్థాయి పోటీలో ఓడిపోయిన రోజున వచ్చి, అన్నం తినకుండా గోడకేసి చెయ్యి బాదుకున్నదీ వాడే. ఆ రోజు ఆ చేతికి తనే కాపడం పెట్టింది. ఏమీ అనలేదు.

“మీ నాన్నకి ఫోను చేద్దాం పద.”

“వద్దత్తయ్యా!” ఆ పిల్ల గొంతులో అప్పుడొచ్చింది కంగారు. “ఎంపిక వచ్చే వారమే. సెంటర్ తరఫునే నా పేరు వెళ్ళింది. ఇప్పుడు గొడవైతే ఆయన పేరు వెనక్కి తీసేసుకుంటారు. ఈ వారం ఓర్చుకుంటే చాలు. జట్టులోకొస్తే క్యాంపుకి వెళ్ళిపోతాను. అక్కడ్నుంచి అక్కడే...”

మిగతాది చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. తిరిగి రాను అంటోంది.

“మరి ఈ వారం?”

“రింగులో ఇవి వేసుకుంటాను.” సంచి మీద చెయ్యి వేసింది. “ఇంట్లో వేసుకుని తిరిగితే ఆయన ఊరుకోరు కదా.”

ఇబ్రహీంపట్నం బస్సొచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. అత్తాకోడళ్ళు ఇద్దరూ లేవలేదు. ఆ బస్సు వెళ్ళిపోయాక, తర్వాతదానికి లేచారు. వెళ్ళక తప్పలేదు.

* * *

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి జయంత్ వచ్చాడు. హుషారుగా ఉన్నాడు. సంచి విప్పి, ఒక్కొక్కటే తీసి మంచం మీద పేర్చాడు. కుట్లు లాగి చూశాడు. మెత్తని బొటనవేలితో నొక్కి చూశాడు.

“మంచివే కొన్నావమ్మా. ఉషా, ఇలా రా.”

ఉషశ్రీ వచ్చి నిలబడింది. అతనే హెడ్‌గార్డు తొడిగాడు. గడ్డం కింద పట్టీ బిగిస్తూ “బిగువుగా ఉందా? నొప్పెడుతోందా?” అని అడిగాడు. నుదుటి మీద వెంట్రుకలు చిక్కుకుంటే ఎంతో నెమ్మదిగా పక్కకి తీశాడు. శివపార్వతి ఆ వేళ్ళనే చూసింది. ఇంత మెత్తగా కూడా ఉండగలవా అవి?

“సరిపోయింది,” అన్నాడు. “రేపు నీతో నేనే స్పారింగ్ చేస్తాను.”

శివపార్వతి చేతిలో ఉన్న కంచం గట్టిగా కింద పెట్టింది. “నువ్వెందుకురా? నీ బరువెంత, దాని బరువెంత? ఆడపిల్లలు లేరా మీ సెంటర్లో?”

“వాళ్ళ దెబ్బలకి ఇది అలవాటు పడిపోయిందమ్మా. ఎంపికలో గట్టివాళ్ళొస్తారు. ఓర్చుకోవడం నేర్చుకోవద్దూ?” ఉషశ్రీ బుగ్గ మీదున్న మెత్తని అరచేత్తో టపటపా తట్టాడు. “అయినా ఇంక భయమేముంది? ఇదుంటే మొహం మీద మచ్చ పడదు. నాన్నతో గొడవ ఉండదు. ఎదురింటావిడా చూడదు. మంచి పని చేశావమ్మా నువ్వు.”

ఆ మెచ్చుకోలు ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

అప్పుడే అడిగి ఉండాల్సింది. నోరు తెరిచింది కూడా. కొడుకు కళ్ళెత్తి ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. తల్లికి తెలిసిపోయిందని తెలుసుకున్న చూపు. తెలిసినా ఏమీ అనదని కూడా తెలిసిన చూపు.

“అన్నం వడ్డించనా?” అంది శివపార్వతి.

* * *

మర్నాడు కాఫీలవగానే ఇద్దరూ బండి మీద వెళ్ళిపోయారు. బండి మలుపు తిరిగేదాకా చూసి, శివపార్వతి పెరట్లోకి వచ్చింది. రామకోటేశ్వరరావు గులాబీ కుండీకి నీళ్ళు పోస్తున్నాడు.

“ఏవండీ, ఆ పిల్లకి రింగులో తగల్లేదు. మనవాడు కొడుతున్నాడు.”

ఆయన తిరగలేదు. చెంబులోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. కుండీ నిండి, పొర్లి, ఆయన కాళ్ళ మీదికి వచ్చాయి.

“మీకు వినపడిందా?”

“వినపడింది.”

“వినపడితే అట్లా నిలబడతారేంటండీ? రండి, వెళ్దాం.”

“నాకు తెలుసు పార్వతీ.”

ఆమెకి ముందు అర్థం కాలేదు.

“గోడవతలే కదా మన మంచం. నీకు నిద్రమాత్రలున్నాయి, నాకు లేవు.” చెంబు గట్టు మీద పెట్టాడు. “ఆట మానేస్తే వాడి కోపం తగ్గుతుందనుకున్నాను. అందుకే ఆ గోల చేశాను. అంతకన్నా ఏం చెయ్యను? సొంత కొడుకు మీద పోలీసుల దగ్గరికి వెళ్ళనా?”

నిన్న ఆయన అరిచిన అరుపంతా ఆమె చెవుల్లో మళ్ళీ మోగింది. మీ అమ్మ కొట్టిందనుకుంటారు, నేను కొట్టాననుకుంటారు. కొట్టినవాడి పేరు తప్ప అన్నీ చెప్పాడు ఈ మనిషి.

“ఆట మానిపిస్తే దానికి ఉన్న ఒక్క దారీ మూసినట్టు కాదుటండీ?”

ఆయన గట్టు మీది చెంబుని లోపలికి జరిపాడు.

“మీరు రారా?”

రామకోటేశ్వరరావు తడిసిన కాళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయాడు. శివపార్వతి చీర కూడా మార్చుకోలేదు. రోడ్డు మీదికొచ్చి కనపడ్డ ఆటోని ఆపింది.

* * *

వన్ టౌన్‌లో ఆ సందుకి ఆటో వెళ్ళదు. పప్పు బస్తాల తోపుడుబండ్లు అడ్డంగా ఉన్నాయి. దిగి నడిచింది. కొడుకు సెంటర్ ఒకప్పుడు మిరపకాయల గోడౌన్. ఇప్పటికీ గోడల్లోంచి ఆ ఘాటు పోలేదు. ఈ వేళకి పిల్లల చెప్పులు గుమ్మం ముందు కుప్పగా ఉండాలి. ఒక్క జత కూడా లేదు. షట్టరు మోకాలెత్తు దాకా దించి ఉంది.

“ఇవాళ సెలవన్నారమ్మా,” అన్నాడు పక్క కొట్టు ముందు బస్తా దించుతున్న హమాలీ. “సారూ, ఆ మేడమూ ఉన్నారు లోపల.”

లోపల్నుంచి చప్పుడు వస్తోంది. దబ్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ దబ్.

శివపార్వతి షట్టరు దగ్గర వంగింది.

“వెళ్తావా?” జయంత్ గొంతు. అరవడం లేదు. పాఠం అడుగుతున్నట్టుంది.

“వెళ్తాను.” పళ్ళ మధ్య గార్డు అడ్డుపడి ముద్దగా వచ్చింది ఆ మాట.

దబ్.

“హెలెన్ దగ్గరికి వెళ్తావా?”

“వెళ్తాను.”

దబ్.

శివపార్వతి రెండు చేతులూ షట్టరు కింద పెట్టి పైకి లాగింది. తుప్పు పట్టిన ఇనుము సందంతా అదిరేట్టు అరిచింది. ఎండ ఒక్కసారిగా రింగు దాకా పరుచుకుంది.

ఉషశ్రీ మూలలో తాళ్ళకి ఆనుకుని ఉంది. కొత్త హెడ్‌గార్డు తల మీద కదలకుండా బిగుసుకుని ఉంది. పదహారు ఔన్సుల గ్లవ్స్ ఆమె చేతులకున్నాయి. జయంత్ చేతులకి మాత్రం పల్చటివి. బస్తా మీద గుద్దుకునేవి.

“అమ్మా, ప్రాక్టీసు జరుగుతోంది. బయట ఉండు.”

“ఆపరా.”

“షట్టరు దించు. జనం చూస్తున్నారు.”

“చూడనీ.” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “అందరూ చూడనీ. ఇట్లా రండయ్యా, మీరూ చూడండి! నా కొడుకు పెళ్ళాన్ని కొడుతున్నాడు!”

సందులో తోపుడుబళ్ళు ఆగాయి. హమాలీ బస్తా వదిలేసి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. జయంత్ మొహంలో రంగు దిగిపోయింది. చేతులు దించి రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఉషా, రా. వెళ్దాం రామ్మా,” అంది శివపార్వతి చేతులు చాచి.

ఉషశ్రీ పళ్ళగార్డు ఉమ్మేసింది. మొహం మీద ఎక్కడా గీత లేదు, రక్తం లేదు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. తాడు వదిలి అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది.

అత్తగారి వైపు కాదు. ఎదురుగా ఉన్న గోడ వైపు.

గ్లవ్ తొడిగిన చేత్తో గోడని తడిమింది. కొంచెం పక్కకి జరిగి, అక్కడ తడిమింది. తర్వాత ఎండలో నిలబడ్డ శివపార్వతి వైపు తిరిగి, ఎవరో దారిన పోయేవాళ్ళని అడిగినట్టు ఎంతో మర్యాదగా అడిగింది.

“తలుపు ఎటుందండీ?”